పడమటి చిత్తూరు పూలపొదలు – 6: ఎండకు తాళే గులాబీ కోసం

చిత్తూరు జిల్లా పడమటి కొసన, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు ఒకదానినొకటి ఒరుసుకొనే మూలలో, సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన పీఠభూమి మీద కుప్పం, రామకుప్పం, శాంతిపురం, వి.కోట మండలాలు ఉన్నాయి; ఉత్తరంగా సాగితే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వస్తాయి. పాలారు పేరుకు ఈ ప్రాంతం గుండానే వెళుతున్నా ఏడాదిలో అధికభాగం ఏట్లో ఇసుక తప్ప నీరు కనిపించదు గనుక, ఇక్కడి సేద్యమంతా చెరువు, బావి, బోరు అనే మూడింటి మీదనే నిలిచింది. నీరు కొద్దిగా దొరకటం, ఎండ కోస్తా కంటె మెత్తగా ఉండటం, బెంగుళూరు, చెన్నై పూల అంగళ్లు ఒక రాత్రి ప్రయాణంలో అందటం అనే మూడు కారణాల వల్ల చిన్న కమతాల రైతులు టమాటా, మల్బరీలతో పాటు పూలనూ నమ్ముకొన్నారు. ఒక్క కారుతో ముగిసిపోయే బంతి, చామంతుల ప్రస్తావన గత భాగాలలో వచ్చింది. ప్రస్తుత భాగం ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలిచే పొదల గురించి, అందులోనూ ఈ సీమవారు రోజా అని పిలిచే గులాబీ గురించి.

తోటలో సాళ్లుగా నిలిచిన ఏ గులాబీ పొదా అడవినుంచి నేరుగా వచ్చినది కాదు. అడవి గులాబీకి సాధారణంగా ఐదే రేకులు ఉంటాయి, అది ఏడాదికి ఒక్కసారి, కొన్ని వారాలపాటు మాత్రమే పూస్తుంది. తోట గులాబీకి నలభై యాభై రేకులు ఉండటం, కత్తిరించిన ప్రతిసారీ చిగురు చివర మొగ్గ తొడగటం అనే రెండు లక్షణాలు వేరువేరు జాతులను కలిపి, పుట్టిన సంతానంలో మేలైనదాన్ని ఏరి, దాన్ని మరొకదానితో కలుపుతూ పోయిన మానవ ప్రయత్నంలో స్థిరపడ్డాయి. ఇలా రెండు భిన్న జాతుల, లేదా ఒకే జాతిలోని రెండు భిన్న రకాల కలయికతో పుట్టిన మొక్కను సంకరం అంటారు. గులాబీ సంకరాల చరిత్రలో చిత్రమైన విషయం ఏమిటంటే, ఈ ప్రయత్నానికి అవసరమైన మూలధనంలో ముఖ్యభాగం ఆసియాదే అయినా, పని జరిగింది మాత్రం ఐరోపా చలిదేశాలలో. ఆ తేడా ఫలితాన్ని ఈనాటికీ దక్షిణాది రైతు తన తోటలో చూస్తూనే ఉన్నాడు.

మాలలకు, గుల్కందుకు దక్షిణాదిలో విరివిగా వాడిన పాత గులాబీలలో ఎడ్వర్డ్ ఒకటి. పేరును బట్టి ఇంగ్లండు రాజుగారి పువ్వు అనుకొనేవారు ఉన్నారు గాని, దాని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి; ఆ దీవిని ఫ్రెంచివారు అప్పట్లో బూర్బఁ అని పిలిచేవారు గనుక ఈ తెగ గులాబీలకు బూర్బన్ గులాబీలన్న పేరు స్థిరపడింది. అక్కడ పొలాలకు కంచెగా నాటిన రెండు రకాల గులాబీల మధ్య, ఒకటి సుగంధానికి పేరుపడ్డ డమాస్కు గులాబీ, రెండవది ఏడాది పొడవునా పూసే చీనా గులాబీ, తేనెటీగలు పుప్పొడి మోయగా ఈ సంకరం దానంతట అదే పుట్టిందని తోటశాస్త్రజ్ఞుల నిర్ణయం. మనిషి చేయి పడకుండా పుట్టిన ఈ పువ్వు డమాస్కు వాసననూ, చీనా గులాబీ ఓపికనూ కలిపి తెచ్చుకొన్నది. ఉష్ణమండలపు దీవిలో పుట్టిన మొక్క కాబట్టి దక్కను ఎండ దానికి కొత్త కాలేదు.

ఆ చీనా గులాబీ ఐరోపాకు చేరిన దారి కూడా భారతదేశం మీదుగానే పడింది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఓడలలో చీనా తోట గులాబీలు ఇంగ్లండు చేరాయి. వాటిలో మొదటిదైన స్లేటర్ ఎర్ర చీనా గులాబీ కలకత్తానుంచే ఓడ ఎక్కిందని చెబుతారు. 1792నుంచి 1824 వరకు చేరిన నాలుగు రకాలను తరువాతి వారు మూలపు చీనా గులాబీలుగా లెక్కించారు. అంతకుముందు ఐరోపా గులాబీలలో అధికభాగం వేసవి మొదట్లో ఒక్క విడత పూసి ఊరుకొనేవి. ఈ నాలుగింటి రక్తం కలిశాకనే ఆ తోటలలో విడతవిడతకూ పూసే గులాబీ స్థిరపడింది. 1867లో ఫ్రెంచి తోటకారుడు గియ్యో విడుదల చేసిన ‘లా ఫ్రాన్స్’ను హైబ్రిడ్ టీ అనే ఆధునిక తెగకు ఆదిగా పరిగణిస్తారు. పొడవైన కాడ మీద ఒంటరిగా నిలిచే కోసుమొగ్గ, విచ్చుకొన్నకొద్దీ వెనుకకు వంగే రేకులు ఈ తెగ లక్షణాలు. నేడు అంగడిలో గులాబీ అనగానే మనసులో మెదిలే ఆకారం ఇదే.

అప్పటి వరకు ఫ్రెంచి తోటలలో అనేక రకాలను పక్కపక్కన నాటి, గాలికీ ఈగకూ వదిలేసి, పండిన కాయల విత్తనాలు చల్లి, వేలమొక్కలలోనుంచి ఒకటి ఏరుకోవటమే పద్ధతిగా ఉండేది. ఇంగ్లండులో పశువులను పెంచే రైతు హెన్రీ బెనెట్ ఈ పనికి పశువుల పెంపకపు క్రమశిక్షణ తెచ్చాడు. ఏ తల్లి, ఏ తండ్రి అన్నది ముందే నిర్ణయించి, కలిపి, వంశాన్ని పుస్తకంలో రాసి, 1879లో తన గులాబీలను వంశం తెలిసిన సంకరాలుగా అమ్మకానికి పెట్టాడు. గులాబీ సంకరీకరణ శాస్త్రం అయింది ఇక్కడనే అనటంలో అతిశయోక్తి లేదు.

ఆ పద్ధతి నేటికీ పెద్దగా మారలేదు. గులాబీ పువ్వులో పుప్పొడినిచ్చే కేసరాలూ, దాన్ని అందుకొనే కీలాగ్రాలూ ఒకే చోట ఉంటాయి గనుక, తల్లిగా ఎంచుకొన్న పువ్వు విచ్చుకోబోయే ముందటి రోజే రేకులను వలిచి, పుప్పొడి రాలకముందే కేసరాలన్నిటినీ చిన్న కత్తెరతో తీసివేస్తారు; దీనినే శాస్త్రంలో విపుంసీకరణం అంటారు. ఈగ వాలకుండా కాగితపు సంచి తొడిగి, కీలాగ్రాలు జిగురెక్కిన తరువాత తండ్రి మొక్క పుప్పొడిని మెత్తని కుంచెతో అద్ది, మళ్లీ సంచి కట్టి, తల్లిదండ్రుల పేర్లు రాసిన చీటీ తగిలిస్తారు. కాయ పండటానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది. గులాబీ గింజ గట్టిది, మొండిది. కొన్ని వారాలపాటు తడిలో, చలిలో ఉంచనిదే చాలావరకు మొలవదు. మొలిచినవాటిలో ఏ రెండూ ఒకలా ఉండవు. వందల మొక్కలలో పెంపకందారుకు పనికివచ్చేది ఒకటో రెండో ఉంటే అది మంచి సంవత్సరమే. ఆ ఒక్కటి దొరికాక ఇక గింజతో పని లేదు. దాని కొమ్మనుంచి కన్ను తీసి, బలమైన వేళ్లు గల మరో గులాబీ కాండం మీద అంటు కడితే, ఎన్ని వేల మొక్కలైనా అచ్చంగా ఆ మొదటి మొక్కే అవుతాయి.

ఇంత శ్రద్ధగా జరిగిన ఐరోపా ఎంపికలో దక్షిణాదికి పనికిరాని అంశం ఒకటి మొదటినుంచీ ఉన్నది. పెంపకందారు తన తోటలో మంచును తట్టుకొన్న మొక్కనే ఉంచుకొంటాడు, తట్టుకోనిదాన్ని పారవేస్తాడు. వంద సంవత్సరాలు ఇలా ఏరిన తరువాత మిగిలిన తెగ, శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోవటానికి అలవాటు పడినదై ఉంటుంది. రామకుప్పం వంటి చోట ఆ మొక్కకు నిద్ర దొరకదు. రైతు కత్తిరింపుతో బలవంతంగా విశ్రాంతి కల్పించి, తిరిగి చిగురింపజేస్తాడు. మొక్క ఎండలో పూసిపూసి త్వరగా ముసలిదవుతుంది, పువ్వు చిన్నదై రంగు వెలుస్తుంది. దీనికి తోడు 1900లో ఫ్రాన్సులో పెర్నే-దుషే విడుదల చేసిన ‘సొలేయ్ దోర్’ ద్వారా పారశీక గులాబీ నిండు పసుపురంగు తోట గులాబీలలోకి వచ్చినప్పుడు, దాని వెంట ఆ పారశీక గులాబీకి సహజమైన నల్లమచ్చ తెగులు పట్ల బలహీనత కూడా వంశంలోకి దిగింది. వానాకాలంలో ఆకు మీద నల్లమచ్చలు పడి, పండి రాలిపోతుంటే మందు చల్లే రైతు, వందేళ్ల కిందటి ఒక ఫ్రెంచి సంకరానికి నేటికీ వడ్డీ కడుతున్నాడు.

స్వతంత్ర భారతదేశంలో ఈ సమస్యను శాస్త్రదృష్టితో పట్టించుకొన్నవారిలో బెంజమిన్ పియరీ పాల్ ప్రముఖుడు. 1906లో జన్మించి, బర్మాలో పెరిగి, కేంబ్రిడ్జిలో చదివిన ఆయన ప్రధానంగా గోధుమ శాస్త్రజ్ఞుడు. తుప్పు తెగుళ్లను తట్టుకొనే గోధుమలు సాధించి, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయినాడు. గోధుమ ఆయనకు ఉద్యోగం, గులాబీ వ్యసనం. ‘రోజ్ షర్బత్’, ‘డెల్హీ ప్రిన్సెస్’, ‘డాక్టర్ హోమీ భాభా’ మొదలైన అనేక రకాలను ఆయన సృష్టించాడు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థనుంచి ‘మోహిని’, ‘మృణాళిని’, ‘రక్తగంధ’ వచ్చాయి. అయితే ఢిల్లీ శీతకాలం చలికాలమే. అక్కడ డిసెంబరు, జనవరులలో మెచ్చుకొన్న గులాబీ పాలారు గట్టున ఏప్రిల్‌లో ఎలా ఉంటుందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ ప్రశ్నను పట్టుకొన్నవాడు ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన ఐఏఎస్ అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూనే గులాబీలను కలపటం మొదలుపెట్టిన ఆయన, 1980లో ముందుగానే పదవీ విరమణ చేసి, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో స్థిరపడి, మిగిలిన జీవితాన్ని ఈ పనికే ఇచ్చాడు. ఉద్యోగం మానుకొని పూలతోట పెట్టుకొన్న అధికారులు చాలామందే ఉంటారు. తన తోటకు ఒక ప్రశ్నను పెట్టుకొన్నవారు అరుదు. ఆయన వాదం సూటిగా ఉంటుంది: చలిదేశపు గులాబీలను వేడిదేశానికి అలవాటు చేయటం వృథా ప్రయాస, వేడిదేశపు అడవి గులాబీలనుంచే కొత్త వంశం మొదలుపెట్టాలి.

అందుకు ఆయన ఎంచుకొన్న రెండు అడవి జాతులూ ఈ ఉపఖండానివే. మొదటిది రోజా గైగాంటియా. మణిపుర్‌లోని సిరోహి కొండ మీద 1882లో జార్జ్ వాట్ దీన్ని చూశాడు. కొన్నేళ్లకు బర్మాలోని షాన్ కొండలలో హెన్రీ కొలెట్‌కు దొరికిన మొక్క ఆధారంగా దానికి శాస్త్రీయ నామం వచ్చింది. పేరుకు తగినట్టే అది భారీ జాతి. పెద్ద చెట్లను అల్లుకొని పైకి పాకుతుంది, ఐదు రేకుల పాలమీగడ రంగు పువ్వు అరచేయంత ఉంటుంది, ఆకు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. చీనానుంచి ఐరోపాకు వెళ్లిన నాలుగు మూలపు గులాబీలలో రెండు ఈ గైగాంటియాకూ చీనా గులాబీకీ పుట్టిన సంతానమని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు. అంటే హైబ్రిడ్ టీ మొగ్గకు ఉన్న కోసుతనం తూర్పు కొండల అడవితీగనుంచి సంక్రమించిందే. ఆస్ట్రేలియాలో అలిస్టర్ క్లార్క్ 1924లో ‘లారెయిన్ లీ’ని ఈ జాతినుంచే సాధించి, మంచు పడని దేశాలకు ఇది ఎంత అనుకూలమో చూపాడు. మన దేశపు కొండ మీది మొక్కతో మెల్బోర్న్ దగ్గర పని జరుగుతుండగా ఇక్కడ అర్ధశతాబ్దంపాటు దాదాపుగా ఎవరికీ పట్టకపోవటం విచారకరం. వీరరాఘవన్ దంపతులు స్వయంగా సిరోహికి వెళ్లి ఆ జాతిని వెదికి తమ పనికి ఆధారం చేసుకొన్నారు.

అడవి జాతిని తోట గులాబీతో కలపటంలో రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది పూత కాలానికి సంబంధించినది. ఏడాదికి ఒక్కసారే పూయటం ప్రబల లక్షణం, అంటే తల్లిదండ్రులలో ఒకరినుంచి వచ్చినా సంతానంలో పైకి కనిపించే లక్షణం. విడతవిడతకూ పూయటం అంతర్గత లక్షణం, ఇద్దరినుంచీ వస్తేనే బయటపడుతుంది. కాబట్టి గైగాంటియా సంకరాల మొదటి తరమంతా ఏడాదికి ఒక్క విడతే పూస్తుంది. ఆ తరాన్ని తిరిగి తోట గులాబీతో కలిపితేనే రెండవ తరంలో కొన్ని మొక్కలు నిరంతరం పూసేవిగా తేలుతాయి. తోట గులాబీ మొలక రెండు మూడు నెలలకే మొదటి మొగ్గ వేసి తన గుణం చెప్పుకొంటుంది గాని, ఒక్కసారి పూసే తీగ మొలక పువ్వు చూడాలంటే ఏళ్లు పడుతుంది. పెంపకందారు ఆయువులో ఇన్ని తరాలు ఇమడటమే కష్టం.

రెండవది క్రోమోసోములకు సంబంధించినది. క్రోమోసోములంటే జీవకణంలో వంశలక్షణాలను మోసే పోగులు. గులాబీలలో ఇవి ఏడేసి చొప్పున జట్లుగా ఉంటాయి; గైగాంటియాకు రెండు జట్లు, మొత్తం 14; హైబ్రిడ్ టీలలో అధికభాగానికి నాలుగు జట్లు, మొత్తం 28. ఒకదాన్ని ద్వయస్థితికం అనీ, రెండవదాన్ని చతుస్థితికం అనీ అంటారు. రెంటినీ కలిపితే పుట్టేదానికి మూడు జట్లు, 21 ఉంటాయి. పుప్పొడి, అండం ఏర్పడేటప్పుడు మూడు జట్లు సరిగా రెండుగా పంచుకోలేవు గనుక ఈ త్రయస్థితికం చాలావరకు గొడ్డుమొక్కే. అప్పుడప్పుడు అది ఇచ్చే కొద్దిపాటి మంచి పుప్పొడి కోసం పెంపకందారు కాచుకొని ఉంటాడు. ద్వయస్థితికాలైన పాత టీ గులాబీలను జతగా తీసుకోవటం మరో ఉపాయం.

ఈ శ్రమనుంచి ‘సిరోహి సన్‌రైజ్’, ‘మణిపుర్ మ్యాజిక్’, ‘అంబర్ క్లౌడ్’, ‘గోల్డెన్ త్రెషోల్డ్’ వంటివి వచ్చాయి. చివరి పేరు సరోజినీ నాయుడు 1905 నాటి తొలి కవితా సంపుటిది. హైదరాబాదులో ఆమె కుటుంబం ఉన్న ఇంటికీ అదే పేరు. రెండవ అడవి జాతి రోజా క్లైనోఫిల్లా గంగా మైదానపు వాగుల ఒడ్డున, వరదలో కాండం మునిగినా చావకుండా పెరిగే తెల్లని గులాబీ. వేడికీ నీటి ముంపుకూ ఓర్చే గులాబీ జాతి ఇంతకు మించినది లేదు గనుక, మైదానాల గులాబీకి ఇదే మూలమని వీరరాఘవన్ నమ్మకం. ఆ వంశంలోని ఒక పసుపు ఛాయ గులాబీకి వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. 1945లో సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోసోముల పట్టిక ప్రచురించిన ఆమె పేరు, క్రోమోసోముల లెక్కతో ఇంత పోరాడిన తోటనుంచి వచ్చిన పువ్వుకు అన్ని విధాలా తగినది.

త్రయస్థితికం గొడ్డుదన్న మాట గులాబీ పెంపకందారుకు నష్టం కావచ్చు గాని, రామకుప్పం తోటల్లోనే పండే కనకాంబరానికి అది వరమైంది. దక్షిణ భారతానికీ సింహళానికీ సొంతమైన ఈ పొదలో క్రోమోసోములు పదేసి చొప్పున జట్టుకడతాయి. రైతులు ఢిల్లీ కనకాంబరం అని పిలిచే రకానికి మూడు జట్లు, అంటే 30 ఉన్నాయి. గింజ కట్టని మొక్క తన బలాన్నంతా పూతకే పెడుతుంది. పువ్వు పెద్దది, రంగు నిండైనది. కొమ్మ ముక్కలు నాటి పెంచాలన్న ఒక్క చిక్కు తప్ప అంగడికి ఇంతకు మించిన మొక్క లేదు. తోటంతా ఒకే మొక్క నకళ్లు కావటంతో నులిపురుగులూ ఎండుతెగులూ సోకితే ఒక్క సాలూ మిగలదన్నది ఆ వరానికి మరోవైపు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ కనకాంబరంలోనూ, గులాబీలోనూ ‘అర్కా’ అనే పూర్వపదంతో కొత్త రకాలు విడుదల చేస్తూ వస్తున్నది. ఈ మండలాలకు మొక్కలూ సలహాలూ అందించగల కేంద్రాలలో అది ఒకటి.

హోసూరు చుట్టూ పాలీహౌసులలో పూసే ‘తాజ్‌మహల్’ వంటి కాడ గులాబీల కథ వేరు. అవి విదేశీ పెంపకందార్ల సొత్తు. మొక్కకింత అని రాయల్టీ కట్టి తెచ్చుకొనేవి. ఆరుబయట, మందు తక్కువగా, కిలోల లెక్కన అమ్మే పువ్వు కావలసిన రామకుప్పం రైతుకు వాటితో ప్రయోజనం స్వల్పం. కొడైకెనాల్ దంపతుల గులాబీలు అమెరికాలోని వేడి రాష్ట్రాల తోటలకు వెళ్లినంతగా ఈ పీఠభూమికి రాలేదంటే, అది ఆ పూల లోపం కాదు. పూలను ప్రదర్శనకు పెంచేవారికీ, అంగడికి పెంచేవారికీ మధ్య మన దేశంలో దారి వేసినవారు లేరు.

అయితే కొత్త రకం పుట్టటానికి ప్రతిసారీ శాస్త్రజ్ఞుడే అవసరం లేదు. ఒకే పొదలో ఒక్క కొమ్మ మాత్రం హఠాత్తుగా వేరు రంగు పూయటం, ఆకు మీద చారలు రావటం తోటలలో జరుగుతూనే ఉంటుంది. దీనిని కన్ను మార్పు అంటారు. ఒకే పొద మీద తెలుపు, గులాబీ రంగులు రెండూ పూసే ‘మేరీ పామర్’ కాగితపు పూల రకం 1949 ప్రాంతంలో కలకత్తా తోటలో ఇలాగే ఒక కొమ్మగా కనిపించింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం గులాబీకీ వర్తిస్తుంది. కొత్త రకాన్ని రూపొందించిన రైతు కూడా పెంపకందారుతో సమానంగా దాన్ని తన పేర నమోదు చేసుకోవచ్చు, రైతుల రకాలకు నమోదు రుసుము లేదు. తోటలో తేడాగా పూసిన కొమ్మ కనిపిస్తే కత్తిరింపులో పారవేయకుండా, దానికి గుర్తు కట్టి, దాని కన్నులతో పది అంట్లు వేరుగా కట్టి, రెండు మూడు విడతల పూతలో ఆ తేడా నిలిచిందో లేదో చూసి, నిలిస్తే ఉద్యానశాఖ అధికారికి చూపవలసిందిగా ఈ ప్రాంత రైతులకు మనవి.